చూరు ఎత్తా, నడికొప్పు ఎత్తా

మా పెద్దమ్మ కూతురు తెరెటియా అక్క మంచు ముఖం ఎరగదు. పసిఫిక్ సముద్రంలోని మా తరావా దీవి దాటి ఎక్కడికీ పోలేదు. అయినా ముప్పై ఏళ్ళుగా రోజూ పగలు పన్నెండింటికి తెల్ల బెలూను వదిలి, సున్నాకి కింద ఎనభై డిగ్రీల చలిని దించుకుని లెక్క రాస్తుంది.

బెలూను చుక్కంతై మాయమయ్యాక కూడా ఆమె మెడ దించదు. దానికి కట్టిన రేడియో పెట్టె ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది. పైకి పోయేకొద్దీ చలి ముదిరి, పదిహేడు కిలోమీటర్ల దగ్గర ఎక్కడో ఆగి, గాలి మళ్ళీ వెచ్చబడుతుంది. మేఘాలకు అదే హద్దు. ఆ వేళ అక్కని పలకరిస్తే వినపడదు, తానూ ఆ నీలంలో ఎక్కడో తేలుతూ ఉంటుంది.

మా తాతలు పడవల్లో పోతూ ఆకాశాన్ని ఇంటికప్పులా చదువుకున్నవాళ్ళు. అందుకే పదకొండేళ్ళ కిందట ఆ హద్దు ఎత్తు రాసి పంపమంటూ ఫిజీలోని సువా వాతావరణ కార్యాలయం నుంచి వచ్చిన సూచనల కాగితాన్ని మా భాషలోకి తిప్పమంటే నేను దర్జాగా "కప్పు ఎక్కడ మొదలవుతుందో ఆ ఎత్తు రాయాలి" అని రాశాను. ఎంత తెలివో చూడండి!

మొన్న ఆగస్టులో సువా నుంచి లితియా అనే అధికారిణి వచ్చింది. ఊరి పెద్దలంతా మనేబాలో, అంటే చూరు కిందికి దిగి ఎవరైనా వంగే లోపలికి రావాల్సిన మా సభాశాలలో, చాపల మీద కూర్చున్నారు. తీపి కల్లు తాగాక ఆమె విషయం కదిపింది.

"ఉపగ్రహాల లెక్క కంటే మీ ఎత్తులు ఎప్పుడూ అరకిలోమీటరు తక్కువే వస్తున్నాయమ్మా. ఇలాగైతే ఇక్కడ బెలూన్లు ఆపేస్తాం."

"అంత దూరాన్నించి అవి చలినెలా చూస్తాయి తల్లీ?" అంది అక్క.

"ఒకటి రేడియో కిరణం పంపుతుంది. అది గాలిలోంచి వంగుతూ వెళ్ళి ఇంకోదాన్ని చేరుతుంది. ఎంత వంగిందో చూసి లెక్క కడతాం."

"అయితే దానికీ మర్యాద తెలుసన్నమాట. మనేబాలోకి వంగే వస్తోంది."

పెద్దలు నవ్వారు. నాకు మాత్రం అప్పుడు వెలిగింది. వంగేది చూరు కిందే కదా! మాకు కప్పు మొదలయ్యేది చూరు దగ్గర. నా కాగితం ప్రకారం, చలి ముదరడం నెమ్మదించిన చోటునే అక్క చూరుగా లెక్కగట్టి పంపుతోంది. లితియాకి కావలసింది అన్నిటికన్నా చల్లటి చోటు, కప్పు పైకొసన ఉండే నడికొప్పు. తప్పు నా కాగితానిది.

నోరు విప్పితే పదిమందిలో పరువు పోతుంది. మా దీవిలో అది చిన్న సంగతి కాదు. నేను చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాను.

"నాకు చూపు మందగించిందమ్మా. పొరపాటు నాదే," అంది అక్క.

ఆ మాటకి నామీద నాకే రోత పుట్టింది.

"అక్క తప్పేం లేదండీ. కాగితం తిప్పింది నేను. చూరు ఎత్తు రాసేలా తిప్పాను," అన్నాను.

"పండితుడివి కదూ!" అని ఓ ముసలాయన ఎత్తిపొడిచాడు. అందరూ నవ్వారు.

"ఇప్పుడు తెలిసి ఏం లాభం, పదకొండేళ్ళు పోయాయిగా," అంది లితియా నీరసంగా.

అక్క ఒళ్ళోని గుడ్డ మూట విప్పింది. లోపల ఒక లావుపాటి పుస్తకం. "నడికొప్పు ఎత్తులు కూడా రోజూ రాసుకున్నానమ్మా. చూడు."

లితియా తన ఉపగ్రహాల కాగితాలు పక్కన పెట్టుకుని పేజీలు తిప్పింది. రెండూ సరిపోయాయి. "బెలూన్లు ఆపం," అంది. "ఇక మీద రెండెత్తులూ పంపండి."

బయటికొచ్చాక అడిగాను: "మొదటినుంచీ తెలుసా అక్కా? మరి చెప్పలేదేం?"

"నలుగురిలో నీ తప్పు నేనెలా బయటపెడతానురా? అది నువ్వు చెప్పాల్సిన మాట," అంది.

నేను నోరు విప్పకపోయి ఉంటే, ఆమె ఆ మూట విప్పకుండానే లేచి ఇంటికి వెళ్ళిపోయేది.