గడియ పెట్టిన ఇంట్లో దయాకుమారి

పాలకొల్లు నుంచి నర్సుగా దుబాయ్ వచ్చిన దయాకుమారి, కరోనా తగ్గాక ఆసుపత్రి వదిలి షార్జాలో ఒక పిల్లల సంక్షేమ కేంద్రంలో చేరింది. ఇబ్బందుల్లో ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి చూసి రావడం ఆమె పని. వార్డులో చుట్టూ మనుషులుంటారు. ఇక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్ల గుమ్మంలో ఒంటరిగా నిలబడాలి. అందుకే పై అధికారి షాహీన్ మొదట్లోనే గట్టిగా చెప్పింది: తలుపు దగ్గరే కూర్చోవాలి, ఏ ఇంటికి వెళ్తున్నదీ డ్రైవర్‌కు చెప్పాలి, తేడాగా అనిపిస్తే అతనికే ఫోన్ చేసి ‘ఎర్ర ఫైలు తీసుకురా’ అనాలి. అలాంటి ఫైలేదీ లేదు. ఆపదలో ఉన్నానని చెప్పడానికి అదొక గుర్తు.

ఒక మధ్యాహ్నం ఇండస్ట్రియల్ ఏరియా పక్కనున్న పాత బిల్డింగుకు వెళ్లింది. ఒక ఫ్లాట్‌లో పసిపిల్ల ఒంటరిగా ఏడుస్తోందని ఎవరో ఫిర్యాదు చేశారు. తలుపు తీసింది పిల్ల తండ్రి అంజిబాబు, గ్యారేజీ మెకానిక్, తెలుగువాడే. పాప అతని కాలు పట్టుకుని చూస్తోంది. దయాకుమారి లోపలికొచ్చి పని చెప్పగానే అతను గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారండీ మీకు? పేరు చెప్పేదాకా కదలనివ్వను. మా పిల్లని పట్టుకుపోతారా?"

దయాకుమారికి భయమేసింది. కేకలు మాత్రం వేయలేదు.

"పట్టుకుపోవడానికి రాలేదు బాబూ. కాగితాలు కింద ఉండిపోయాయి, తెప్పిస్తానుండు" అంటూ డ్రైవర్ అమీర్ జాన్‌కు ఫోన్ చేసి, ఎర్ర ఫైలు తెమ్మని హిందీలో చెప్పింది. "భాయ్, లాల్ ఫైల్ లేకే ఆవో."

కాసేపటికే అమీర్ జాన్ తియ్యమంటూ తలుపు దబదబా బాదాడు. "సిస్టర్, ఫైల్ లాయా! దర్వాజా ఖోలో!" పక్కనే వాచ్‌మన్ గొంతు కూడా వినపడేసరికి అంజిబాబు గడియ తీశాడు. పాప ఒంటిమీద దెబ్బలేవీ లేవని అప్పటికే గమనించుకున్న దయాకుమారి మారుమాట లేకుండా బయటికొచ్చింది. బండిలో కూర్చోగానే షాహీన్‌కు ఫోన్ చేసింది. పాపను వదిలి వచ్చేశానే అని ఆమె బాధపడితే, మనం క్షేమంగా ఉంటేనే పాప దగ్గరకు మళ్లీ వెళ్లగలమంది షాహీన్.

మర్నాడు భార్యాభర్తలిద్దరినీ పాపతో సహా కేంద్రానికే పిలిపించారు. భార్య విజయదుర్గ ఇళ్లలో పనిచేస్తుంది. అతని షిఫ్టు మారాక, అతను పనికెళ్లి ఆమె తిరిగొచ్చేలోపు పాపను గదిలో పెట్టి తాళం వేస్తున్నారు.

"పోలీసులొస్తారు, వీసా ఖలాస్ అనుకున్నానక్కా. ఆ భయంతో గడియెట్టేశాను. తప్పే" అన్నాడు అంజిబాబు తల దించుకుని.

"నాకూ భయమేసింది తమ్ముడూ. ఇంకెప్పుడూ ఎవరినీ అలా గడియెట్టి ఆపెయ్యకు. పాపని లోపలెట్టి తాళం కూడా వెయ్యకు."

కేంద్రం వాళ్లే మాట్లాడి దగ్గర్లో చిన్నపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో పాపకు చోటిప్పించారు.

తర్వాతిసారి దయాకుమారి ఆ ఇంటికి యూనిస్ అనే సహోద్యోగినితో వెళ్లింది. తలుపు బార్లా తీసే ఉంది. విజయదుర్గ వేడి వేడి గారెలు పెట్టింది. పాప దయాకుమారి ఒళ్లోకెక్కి, క్రెష్‌లో నేర్చుకున్న అరబిక్ పాటలో ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ పాడుతోంది. కింద అమీర్ జాన్ ఎదురుచూస్తున్నా, దయాకుమారికి లేవబుద్ధి కాలేదు.