మంత్రగత్తె ఎడమ చెయ్యి

మా వదినను వీధిలో పిల్లలంతా మంత్రగత్తె అత్తా అని పిలుస్తారు. ఆమె కోప్పడదు సరికదా, గుమ్మంలో నడుం వంచి నిలబడి ఒక్క వికటాట్టహాసం చేస్తుంది. పిల్లలు కాళ్ళకు బుద్ధి చెబుతారు. పాటలతో నడిచే ఒక పిల్లల నాటకంలో ఏళ్ళ తరబడి ఆమెది మంత్రగత్తె వేషం. శాపం తగిలి ముసలి మంత్రగత్తెగా మారిపోయిన ఒక యువరాణి కథ అది. నాటకమంతా గూని నడుముతో, వణికే చేతులతో తిరుగుతుంది. చివరి పాటలో శాపం విడిపోతుంది. నిటారుగా నిలబడి, రెండు చేతులూ చాచి పాడుతుంది. ఆ నాటక కంపెనీకి దుస్తులు కుట్టేది నేను. వేషం ఇప్పించింది కూడా నేనేనని చెప్పుకుంటాను గానీ, నిజానికి ఆమె గొంతు వినగానే వాళ్ళే ఎగిరి గంతేశారు.

రెండేళ్ళ కిందట వదిన తన మంత్రగత్తె వేషపు నల్ల అంగీ నా కుట్టుమిషను మీద పడేసింది.

"లోపల ఎడమ పక్క ఒక జేబు కుట్టు," అంది.

"మంత్రగత్తెకి జేబెందుకు వదినా?"

"దగ్గుబిళ్ళలు పెట్టుకోడానికి. అన్నీ నీకే కావాలి!"

కుట్టాను. ఆ వారం చివరి పాటలో వదిన కుడి చెయ్యి ఒక్కటే చాచింది. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది. జనం అదేదో కొత్త హొయలనుకుని చప్పట్లు కొట్టారు. తెర వెనక నిలబడిన నేను మాత్రం ఆ జేబునే చూస్తున్నాను. శాపం పోయి, వణుకు నటించాల్సిన అవసరం లేనప్పుడు కూడా అది కదులుతోంది.

డాక్టరు దగ్గరికి ఇద్దరమే వెళ్ళాం. ఆయన చెప్పిన వణుకు జబ్బు మాకు కొత్తది కాదు. వదిన వాళ్ళమ్మకు వచ్చిందదే. ఆవిడ చివరి రోజులు అన్నయ్య వాళ్ళింట్లోనే గడిచాయి. చెంచా పట్టుకోలేకపోతే మా అన్నయ్యే తినిపించేవాడు. ఆవిడ పోయాక అన్నయ్య మెట్ల మీద కూలబడి, "ఇంకోసారి ఇలాంటిది నా కళ్ళతో చూడలేను," అన్నాడు. ఆ మాట వదిన మనసులో ముల్లులా దిగిపోయింది.

"మీ అన్నయ్యతో ఒక్క మాట అన్నావో, జన్మలో నీ మొహం చూడను," అంది ఆస్పత్రి మెట్లు దిగుతూ. మాత్రలు మా ఇంట్లో దారపు ఉండల డబ్బాలో చేరాయి. దారం కావాలంటూ రోజూ వచ్చేది. అన్నయ్య అనుమానించలేదనే అనుకున్నాం. వదినకు జబ్బు దాచడం కంటే నాకు నోరు మూసుకోవడం కష్టమైందంటే నమ్మండి.

అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నే లేచి టీ పెట్టేది తనే. దాని మీద వదినకు ఒక ఫిర్యాదు. "పెళ్ళైన కొత్తలో మీ అన్నయ్య చేతికి ఎముక లేదనుకున్నాను. ఇప్పుడు చూడు, కట్టుకున్న పెళ్ళానికి అరగ్లాసు టీ! వయసుతో పాటు పిసినారితనం కూడా వస్తోంది," అనేది. "మా వంశంలోనే లేదమ్మా, నీ సావాసం," అనేదాన్ని నేను.

ఇలా గుట్టుగా నెట్టుకొస్తుండగా ఆ నాటకాన్ని సినిమాగా తీస్తామన్నారు. థియేటర్ల కోసం కాదట, పిల్లలు ఇళ్ళల్లో కూర్చుని టీవీలో చూసుకోడానికట. మధ్యాహ్నం పూట, ఖాళీ కుర్చీల ముందు, మూడు కెమెరాలు పెట్టి తీశారు. చివరి పాట వచ్చింది. దర్శకుడు చేతులు ఊపుతూ వచ్చాడు.

"అమ్మా, శాపం పోగానే ఆ అంగీ కింద పడిపోవాలి. రెండు చేతులూ చాచండి. కెమెరా దగ్గరికొస్తుంది."

వదిన నా వైపు చూసింది. కాదంటే ఎందుకో చెప్పాలి. చెబితే కంపెనీ అంతటికీ తెలుస్తుంది, సాయంత్రానికి ఇంటికీ చేరుతుంది. అంగీ తనే విప్పి పడేసింది. రెండు చేతులూ చాచి పాడింది. గొంతులో వణుకు లేదు. ఎడమ చెయ్యి మాత్రం ఆగలేదు.

పాట అయిపోయాక దర్శకుడు పొంగిపోయాడు. "శాపం వదిలినా భయం వదల్లేదన్నమాట! ఎంత గొప్ప ఆలోచనమ్మా!" అన్నాడు. వాడి నెత్తిన నా ఇస్త్రీపెట్టె బోర్లించాలనిపించింది. మళ్ళీ తీయమని వదిన బతిమాలినా వినలేదు.

సినిమా వచ్చేదాకా వదినకు కంటి మీద కునుకు లేదు. టీవీ పాడైందని చెబుదామంది. రిమోట్ నన్ను దాచమంది. కానీ అన్నయ్య అప్పటికే వీధి పిల్లలందరినీ ఆదివారం మధ్యాహ్నానికి పిలిచేశాడు. కిటికీ తెరలు దించి, తను టీవీకి ఎదురుగా కూర్చున్నాడు. చివరి పాటలో వదిన చెయ్యి తెర నిండా కనిపించింది. పిల్లలు ఈలలు వేశారు. అన్నయ్య తల తిప్పలేదు, నవ్వలేదు. వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిల్లలు వెళ్ళాక అన్నయ్య కూడా అటే వెళ్ళాడు. వెనకే నేనూ పరుగెత్తాను. టీ పెట్టాడు. మూడు గ్లాసులు గట్టు మీద పెట్టి పోశాడు. నాకు నిండుగా, తనకు నిండుగా, వదినకు సగం.

వదిన ఆ మూడు గ్లాసులనూ ఒక్కొక్కటిగా చూసింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"రెండేళ్ళ కిందట బట్టల మీద టీ ఒలకబోసుకుని, పిల్లి తగిలిందన్నావు చూడు, అప్పటినుంచి. మనింట్లో పిల్లి ఎక్కడుంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు! దారపు ఉండల మధ్య మాత్రలు దాస్తూ నేను చస్తుంటే, ఈ మహానుభావుడు గుట్టుచప్పుడు కాకుండా టీ కొలుస్తున్నాడు. తిడదామని నోరు తెరిచాను. వదిన మొహం చూసి మూసుకున్నాను.

"చూడలేనన్నారుగా," అంది.

"అన్నాను. చూడలేకేగా సగం పోస్తున్నాను. నిండా పోస్తే ఒలుకుతుంది. అది నాకు కనబడుతుంది." అన్నయ్య గుడ్డ తీసుకుని గట్టు తుడిచాడు. "మీ అమ్మే గుర్తొస్తుంది. నాకు భయమే."

"నాకు లేదా భయం?"

ఆ ఇద్దరినీ చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఒకే ఇంట్లో, ఒకే జబ్బుకు, చెరో మూల నిలబడి భయపడ్డారు.

వదిన తన గ్లాసు అన్నయ్య ముందుకు జరిపింది.

"నిండా పొయ్యండి."

"కాలుతుందే."

"చల్లారాకే తాగుతాను. పొయ్యండి."

పోశాడు. టీ చల్లారేదాకా ముగ్గురం నిలబడే ఉన్నాం. వదిన కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో గ్లాసు ఎత్తింది. గట్టు మీదా, చేతి మీదా, బట్టల మీదా టీ ఒలికింది. అన్నయ్య చెయ్యి గుడ్డ కోసం వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది. ఆమె తాగడం అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.