పడుగు చాపిన చోట

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా హిందూపురంలో అందరికీ తెలుసు; ధర్మవరంలో తెలియడానికి ఒక వారం పట్టింది. పంతొమ్మిది వందల యాభైల చివర్లో అక్కడి చిన్న మ్యూజియంలో గుమాస్తాగా చేరాను. రెండే గదులు. పెనుకొండ చుట్టుపక్కల పొలాల్లో దొరికిన విగ్రహాలు, శాసనాల రాళ్లు లారీల్లో వచ్చి పడుతుండేవి. చోటు చాలక ఒక ద్వారపాలకుణ్ణి నా కుర్చీ వెనకే నిలబెట్టుకున్నాను. చూడవచ్చినవాళ్లు నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, ఇద్దరిలో ఎవరికి కోపం ఎక్కువో తేల్చుకోలేక గమ్మున లోపలికి పోయేవాళ్లు.

చివరికి పక్కన పెద్ద హాలు కట్టడానికి అనుమతి వచ్చింది. స్థలం కొలిచి ప్లాను పంపమని పైఅధికారి నాకే పురమాయించాడు. మా భవనానికి పడమట పొడవాటి ఖాళీ చోటు ఉంది, దాని అవతల నేతగాళ్ల ఇళ్లు. మధ్యాహ్నం భోంచేసి వెళ్లి చూశాను. మనిషన్నవాడు లేడు, రెండు కోళ్లు తిరుగుతున్నాయి. గోడ వచ్చేచోట పొడవునా గుంజలు పాతించి, కాగితం మీద ‘నిరుపయోగ స్థలం’ అని రాసి పంపేశాను. ధర్మవరంలో ఖాళీ చోటును మధ్యాహ్నం చూసి నమ్మకూడదని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే వస్తే నా గుంజలకు ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టు పడుగు కట్టి ఉంది. ఒక అవ్వ, ఆమె ఇద్దరు కొడుకులు దాని వెంట నడుస్తూ తెగిన పోగులు వెతికి అతుకుతున్నారు. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగుల పడుగును అలా బారుగా చాపి, ఎండ ముదరకముందే సరిచేసుకోవాలి. అది తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం సర్కారు గుంజలకు దారాలు కట్టడానికి మీకెంత ధైర్యం అని వీధి అదిరేలా కేకలు వేశాను.

అవ్వ తల ఎత్తలేదు. చేతిలోని పోగు ముడి పూర్తిచేసి అప్పుడు అంది. “రోంత దూరం పోయి అరువప్పా, పోగులు కదులుతాండాయి. ఈ గుంజలు కొట్టించింది నువ్వేనా? పుణ్యం చేసుకున్నావు. మావి పోయిన వానకి పుచ్చిపోయినాయి.”

“మీకోసరం కాదవ్వా. ఈడ గోడ వస్తాది” అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. “గోడొస్తే పడుగు యాడ చాపేది? పెద్ద వీధిలో బండ్లు. ఎనక సందు వంకర. ఇంగ మగ్గం ఇప్పేసి కూలికి పోవాల్సిందే” అంది. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ణి. తిట్టలేదు. నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఇరుగుపొరుగును మ్యూజియం వసారాలో కూర్చోబెట్టాను. “చేతులు ఇరిగిన దేవుళ్లను మా గడపకెదురుగా పెట్టేకి లేదు” అన్నాడు ఒకాయన. భిన్నమైన విగ్రహం ఇంటికి అరిష్టమట. వాటిని అవతలి గదిలో పెడతానని మాటిచ్చాను. ఇంకొకామె సున్నం దుమ్ము తన వడియాల మీద పడుతుందని పేచీ పెట్టింది, గోనెపట్టాలు కట్టిస్తానన్నాను. అందరికీ ఏదో ఒకటి చెప్పగలిగాను, అవ్వకు తప్ప.

కుదరదనుకుంటూనే మళ్లీ టేపు పట్టుకున్నాను. గోడను మా వైపుకు జరిపి, నేను కూర్చునే గదిని హాల్లో కలిపేస్తే అవ్వ పడుగుకు సరిపడా చోటు మిగులుతుంది. “మరి మీరెక్కడ కూర్చుంటారండీ?” అన్నాడు కట్టడం పని చూసే ఓవర్సీరు. మిద్దె మెట్ల కింద కూర్చుంటానన్నాను. పొద్దున చూడకుండా తప్పు రాశానని పైఅధికారికి ఉత్తరం రాశాను. నా జన్మలో తప్పు ఒప్పుకుంటూ రాసిన మొదటి ఉత్తరం అదే. పంపేముందు చదివిన ఇంట్లోవాళ్లు నమ్మలేదు.

పైఅధికారికీ నమ్మకం కలగలేదు కాబోలు, ఒకరోజు తెల్లవారగానే స్వయంగా దిగాడు. ఇస్త్రీ బట్టలు, బూట్లు. అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసి, “ఊరికే నిలబడి ఉండావు కదా సామీ, ఈ కొస రోంతసేపు పట్టుకో” అని పడుగు కర్ర చేతిలో పెట్టింది. ఆయన పట్టుకున్నాడు. ఆ రోంతసేపు అరగంట అయింది. వదిలేద్దామంటే పట్టు, పట్టుకుందామంటే చేతులు లాగుతున్నాయి. నేను నవ్వు ఆపుకోలేక లోపలికెళ్లి ద్వారపాలకుడి చాటున నిలబడ్డాను. ఆయన వెళ్లేముందు కొత్త ప్లాను మీద సంతకం పెట్టాడు.

హాలు తెరిచిన రోజు ఆయన మళ్లీ వచ్చాడు. అవ్వ ఇంట్లోకి తొంగి చూసి, ఎప్పటిదో నల్లబడిన ఆమె మగ్గాన్ని చూసి ముచ్చటపడ్డాడు. “ఇంత పాత మగ్గం మా హాల్లో ఉండాలమ్మా. నీకు కొత్తది ఇప్పిస్తాను” అన్నాడు.

“ఆడే మగ్గాన్ని అడగొద్దు సామీ” అంది అవ్వ. “నిలిచిపోయిన నాడు నేనే మోయించి పంపిస్తా.”

ఎప్పటికైనా వస్తుందని హాల్లో ఒక మూల చోటు వదిలిపెట్టమని ఆయన నాకు చెప్పాడు. వదిలిపెట్టాను. ఏళ్లు గడిచాయి, నాకు బదిలీ అయింది. అప్పటికీ ఆ మూల ఖాళీగానే ఉంది. నా ఉద్యోగంలో ఎన్ని రాళ్లు చేర్చానో లెక్కలేదు కానీ, ఆ ఖాళీ మూలను చూసినప్పుడు కలిగిన సంతోషం మరి దేన్ని చూసినా కలగలేదు.