సర్దుబాటు కాలేదు

గుమ్‌సిల్‌కి నోరెక్కువని యూనివర్సిటీలో అందరూ అనేవారు. అననీ. ఆ మాత్రం నోరు లేకపోతే ఆ ఫిర్యాదుల కౌంటరు వెనక ఆవిడ ఎప్పుడో మూగదైపోయేది. పిల్లలు నోటిమాటగా చెప్పుకునే ఫిర్యాదుల్ని కంప్యూటర్లో ఎక్కించడం ఆవిడ పని. అర్జీ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. చివర్లో 'సర్దుబాటైంది' అని కొడితే సరి. 'కాలేదు' అని కొడితే మాత్రం పెద్దాఫీసుకి పోతుంది, విచారణ మొదలవుతుంది.

సియోల్ నుంచి వచ్చిన డీన్ మేంగ్‌గారి హయాంలో అప్పటిదాకా ఒక్క ఫిర్యాదూ పెద్దాఫీసు గడప తొక్కలేదు. ఆయన పద్ధతి ఆయనది. ఫిర్యాదు చేసిన పిల్లనీ, ఆ ప్రొఫెసర్నీ పంది మాంసం కాల్చుకు తినే హోటలుకి తీసుకెళ్లి ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. ప్రొఫెసర్ సోజు సారా పోస్తాడు, పిల్ల మర్యాదకి రెండు చేతులా గ్లాసు పట్టుకుంటుంది, అదే రాజీ కింద లెక్క. మర్నాడు "సర్దుబాటైంది, కొట్టెయ్" అనేవారు. పెద్దవాళ్లు పోస్తుంటే చేతులు కట్టుకు కూర్చునే పిల్ల కొరియాలో ఉందా? ఆయనకది తెలియక కాదు. తెలిసే చేసేవారు, గుమ్‌సిల్‌కి ఒళ్లు మండేది అందుకే.

సొల్‌బి అక్కడే పరిశోధన చేస్తున్న పిల్ల. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన చూ అనే ప్రొఫెసర్ ప్రతి ఆదివారం ఆమె చేత తన కొడుక్కి ఊరికే లెక్కలు చెప్పించుకుంటున్నాడు. ఆమె ఫిర్యాదూ హోటలు దాకా వెళ్లొచ్చింది. డీన్ మామూలుగానే కొట్టెయ్యమన్నారు. గుమ్‌సిల్ కొట్టలేదు, పిల్లని పిలిచింది.

"ఏమే, నిజంగా అయిపోయిందా?"

"గ్లాసు పట్టుకున్నాగా పిన్నీ."

"గ్లాసు సంగతి ఎవరడిగారు? ఆదివారం సంగతి చెప్పు."

సొల్‌బి తల వంచుకుంది. "హోటలు మెట్లు దిగుతూనే ప్రొఫెసర్‌గారు చెప్పారు, ఈ వారం కాస్త పెందలాడే రమ్మని."

"మరి ఏం కొట్టమంటావ్? నీ నోటితో చెప్పు. భయమైతే భయమనే చెప్పు, నేనేం అనుకోను."

పిల్ల తలెత్తింది. "కాలేదు పిన్నీ. సర్దుబాటు కాలేదు."

గుమ్‌సిల్ ఆ మాటే కొడుతుంటే డీన్ వచ్చి నిలబడ్డారు.

"ఏంటమ్మా ఇది? అందరం కలిసి భోంచేశాం కదా!"

"భోంచేశారండీ. ఆ పిల్ల ఆదివారాలు ఆ పిల్లకి రాలేదు."

"వసంతంలో నీ కాంట్రాక్టు నా దగ్గరికే వస్తుంది. గుర్తుంచుకో."

"గుర్తుంది. ఆ మాట కూడా ఎక్కించమంటారా?"

ఆయన ముఖం కందగడ్డైంది. ఆవిడ ఆయన కళ్లల్లోకి చూస్తూనే మీట నొక్కింది.

విచారణ తేలేదాకా ఆ పిల్లని ఇంటికి పిలవకూడదని చూ ప్రొఫెసర్‌కి పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఆదివారం సొల్‌బి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.

వసంతంలో గుమ్‌సిల్ ఉద్యోగం ఊడింది. ఎవరైనా జాలిపడబోతే ఆవిడ ఇప్పటికీ కసురుతుంది. "నన్ను తీసేశారు, నిజమే. నేను కొట్టిన ముక్కని తీయగలిగారా?"