ఆనని మడమలు

కళ్ళు మూసుకుని నిలబడి, బరువు పాదంలో ఎక్కడ పడుతోందో గమనించమన్నారు. బంగారుపేట స్టేషన్‌కి దగ్గర్లో ఒక మేడ మీది హాలు అది. నాట్యం చేసేవాళ్ళకు తమ ఒంటిని తాము గమనించుకోవడం నేర్పే తరగతి. నాకు ఒళ్ళు మండింది. ఊహ తెలిసినప్పటి నుంచి పాదాలతో నేలను కొడుతున్నదాన్ని, ఆ పాదాలు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికి పొద్దున్నే మా గని ఊరు కోరమండల్ నుంచి బస్సెక్కి రావాలా? కానీ మోకాలు మాట వినడం మానేసింది. ఇలాగే వదిలేస్తే మోకాళ్ళు పక్కలకు వంచి నిలబడే అరమండి సంగతి ఇక మరిచిపోవాల్సిందేనని నాకు నాట్యం నేర్పిన గురువుగారే ఇక్కడికి పంపారు. అది పోతే నాకు చేతనైన పని ఇంకొకటి లేదు.

తరగతి చెప్పే ఆవిడ శ్రీనివాసపురం వైపు మనిషి. నా చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, నా మడమ కిందకి ఒక కాగితం తోసింది. అది సులువుగా జారి అవతలికి వచ్చేసింది.

"నీ బరువంతా ముందరికే ఉండాదమ్మా," అంది. "యాడికో తొంగి చూస్తా ఉండే దాని మాదిరి నిలబడుకోనుండావు. ఎవురి కోసరం?"

నవ్వులాటకే అడిగింది. కానీ ఎవరి కోసమో నాకు తెలుసు.

మా నాయన గనిలో పనిచేసేవాడు. భూమి లోపల ఎక్కడో రాయి పగిలితే పైన గనివాళ్ళం ఉండే మా లైనులో ఇళ్ళన్నీ అదిరేవి. అలమరలో గిన్నెలు గలగలమనేవి. అమ్మ ముందు వాటి మీద చెయ్యి పెట్టి చప్పుడు ఆపేది, తర్వాత పొయ్యి ఆర్పేది, ఆ తర్వాత నన్ను పట్టుకుని గని గేటు దగ్గరికి నడిచేది. పరిగెత్తకూడదు, ఏడవకూడదు, మగవాళ్ళు పైకి వచ్చేదాకా కూర్చోకూడదు. మా లైనులో అందరిదీ అదే పద్ధతి. పెద్దవాళ్ళ వీపుల వెనక నాకేమీ కనిపించేది కాదు. మునివేళ్ళ మీద లేచి చూసేదాన్ని. మట్టి కొట్టుకున్న ముఖాలన్నీ ఒక్కలాగే ఉండేవి కాబట్టి నాయనను నడకతోనే పోల్చుకునేదాన్ని. దగ్గరికొచ్చి నా నెత్తి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కేవాడు. అప్పుడు నా మడమలు నేలకు దిగేవి.

నేల అదిరిన ప్రతిసారీ తిరిగొచ్చిన మనిషి, గని మూతపడ్డాక, ఇంట్లో మంచం మీద దగ్గి దగ్గి పోయాడు. ఆ రోజు వెళ్ళి నిలబడటానికి ఏ గేటూ లేదు. నాయన మీద బెంగ నాకు ఇంకా తీరలేదు.

"తొందర లేదులేమ్మా," అంది ఆవిడ. "ఊపిరి వదిలి, మడమలు ఆననీ."

వదిలాను. కొంచెం కొంచెంగా ఆనాయి. నేల చల్లగా తగిలింది. మోకాల్లో ఇన్నాళ్ళూ పట్టుకున్న బిగువు సడలింది. కాగితం ఈసారి కదల్లేదని ఆవిడ సంబరపడింది. నేనూ సంతోషించాలి. కానీ నాయన చెయ్యి లేకుండా అవి దిగడం ఇదే మొదటిసారి. కళ్ళు తెరవకుండా అలాగే నిలబడి, కింద నేల ఒక్కసారి అదిరితే బాగుండునని కోరుకున్నాను. అదిరితే నాయన ఇంకా లోపలే ఉన్నట్టు, కాసేపటికి పైకి వచ్చేటట్టు.