ముందే అంటించిన స్టిక్కర్

లొరెయిన్ కుజ్మాక్‌కు ఏ పనైనా ముందే చేసేయాలి. క్రిస్మస్ కానుకలు ఆగస్టులోనే కొని, చుట్టి, మంచం కిందికి తోసేది. డిసెంబరు వచ్చేసరికి ఏ పొట్లంలో ఏముందో ఆమెకే గుర్తుండేది కాదు. ఒకసారి ఊళ్లో గస్ పెల్కీ అనే పెద్దాయన ఇంట్లో ఎవరో పోయారని వినగానే, ఎవరని అడక్కుండా గిన్నెడు ట్యూనా చేపల కాసరోల్ వండి పరామర్శకు వెళ్లింది. తలుపు తీసింది గస్సే. పోయింది ఆయన కుక్క. ఆయన ఏమీ నొచ్చుకోకుండా గిన్నె అందుకుని, ఊడ్చుకు తిని, తర్వాత మూడేళ్లు బతికాడు. చర్చిలో ఎదురైనప్పుడల్లా "ఇంకా టైముంది లొరెయిన్, అప్పుడే పొయ్యి వెలిగించకు" అనేవాడు.

ఊరు నవ్వేది, ఆమే ముందు నవ్వేది. జీవితంలో ఆలస్యమైంది ఒక్కసారే. తొమ్మిదేళ్ల కిందట, సరస్సు మీదినుంచి వచ్చిన మంచు రోడ్లను కప్పేసిన జనవరి రోజున, ఆమె ఆస్పత్రికి చేరేసరికి భర్త రే పడుకున్న మంచం అప్పటికే ఖాళీ అయి, దాని మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఆ సంగతి ఊళ్లో ఎవరూ ఎత్తరు.

ఇరవై రెండేళ్లుగా ఆమె పోర్ట్ హాలెన్ హైస్కూలు క్యాంటీన్లో వంట చేస్తోంది. కూతురు టెస్సా అదే స్కూల్లో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆగస్టులో తల్లీకూతుళ్లు ఏడు గంటలు కారులో వెళ్లి మసాచుసెట్స్‌లో కొండ మీదున్న ఒక పెద్ద కాలేజీ చూసొచ్చారు. అక్కడి దుకాణంలో లొరెయిన్ తనకో మెరూన్ రంగు స్వెట్‌షర్టు, కారుకో స్టిక్కర్ కొంది. సీటొచ్చిన ఉత్తరం చేతికందాకే ఎవరైనా స్టిక్కర్ అంటిస్తారు. లొరెయిన్ మాత్రం ఆ కాలేజీ పార్కింగ్ దాటకముందే వెనకద్దానికి అంటించేసింది. కారు వెనక వచ్చేవాళ్లకూ, ముందున్న చిన్నద్దంలో వెనక్కి చూసుకునే ఆమెకూ ఆ అక్షరాలు తిన్నగానే కనిపించేవి. వెనక సీట్లోంచి తలతిప్పి చూసిన టెస్సాకే తిరగబడి కనిపించాయి.

సెప్టెంబరులో తల్లిదండ్రుల సమావేశం పెట్టి, పిల్లల కాలేజీ దరఖాస్తులు చూసే కౌన్సెలర్ ఓడెల్ ఎర్లీ డెసిషన్ గురించి చెప్పాడు. నవంబరు ఒకటికల్లా ఒకే ఒక్క కాలేజీకి అలా దరఖాస్తు పెట్టాలి. వాళ్లు రమ్మంటే మిగతావన్నీ వదిలేసి అక్కడికే వెళ్తామని పిల్ల, తల్లి, తను ముగ్గురూ సంతకం చేయాలి. అంత నమ్మకం లేనివాళ్లు జనవరి దాకా ఆగి నాలుగు చోట్ల వేసుకోవచ్చు. 'ఎర్లీ', 'డెసిషన్' అన్న రెండు మాటల్లో లొరెయిన్ చెవిన పడింది మొదటిదే. ఆ రాత్రే సంతకం పెట్టేసింది.

అక్టోబరులో టెస్సా మధ్యాహ్నం భోజనాల వరుసలోకి రావడం మానేసింది. ఒళ్లు తగ్గించుకుంటోందేమో అనుకుంది లొరెయిన్. పక్కన బంగాళాదుంపలు వడ్డించే మార్జ్ ఒకరోజు గరిటె ఆపింది.

"మీ అమ్మాయిని అడిగావా?"

"ఏమని?"

"ఏదో ఒకటి. ఎప్పుడైనా."

ఆ రోజే ఓడెల్ ట్రే పట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. తల్లి సంతకం వచ్చి నెల దాటిందట, నిన్నటిదాకా పిల్లది మాత్రం రాలేదట. రోజూ భోజనం వేళ ఆయన గదిలో కూర్చుని కంప్యూటర్లో ఆ సంతకం పేజీ తెరుస్తుందట, మూసేస్తుందట.

వంటగది సర్దడం అయ్యాక లొరెయిన్ పాన్‌కేకులు తిప్పే అట్లకాడ పట్టుకుని పార్కింగ్‌లోకి నడిచింది. స్టిక్కర్ ఒక పట్టాన ఊడలేదు. సగం చిరిగి, సగం అలాగే ఉండిపోయింది. బడి వదిలి టెస్సా వచ్చేసరికి ఆమె ఇంకా గీకుతూనే ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"సంతకం పెట్టకు. జనవరి దాకా ఆగు, అన్నీ చూసుకో."

టెస్సా సంచీ కింద పెట్టింది. "పొద్దున్నే పెట్టేశాను. పంపేశాను కూడా."

"గడువు ఎల్లుండి కదే!"

"నీ కూతుర్నే కదా."

ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగిపోయింది.

"నీకు ఆ కాలేజీ ఇష్టమేనా?"

"తెలీదమ్మా. తెలిసేదాకా ఆగుదామనుకున్నా. ఇవాళ పొద్దున కారు వెనకద్దం మీద మంచు పట్టిందా, నువ్వు స్టిక్కర్ ఉన్న చోట మాత్రం గీకి, మిగతాదంతా వదిలేసి వచ్చి కూర్చున్నావు. దారంతా నీకు వెనకాల ఏమీ కనిపించలేదు. అది చూశాక ఇంక ఆగలేకపోయాను."

ఓడెల్‌ను అడిగితే ఇప్పుడైనా మార్చొచ్చేమోనంది లొరెయిన్. టెస్సా తల అడ్డంగా ఊపింది.

"మాటిచ్చేశాను. నువ్వింక తొందరపడి ముందే ఏమీ చెయ్యకు."

తర్వాతి ఆరు వారాలు చర్చి ఆడవాళ్లంతా పిల్లకు సీటు రావాలని ప్రార్థన చేస్తామన్నారు. లొరెయిన్ అందరికీ థాంక్స్ చెప్పి, ఆఖరి బల్ల మీద ఒంటరిగా కూర్చుని, రాకూడదని మొక్కుకుంది. ఏ తల్లైనా ఇలా మొక్కుతుందా అని సిగ్గుపడింది. మళ్లీ మొక్కింది.

డిసెంబరు పదిహేను, సాయంత్రం ఐదింటికి ఫలితం. మూడింటికే పని అయిపోయినా ఆమె తుడిచిన బల్లలే మళ్లీ తుడిచింది. తర్వాత సరుకుల కొట్టు ముందు కారాపి, ఏమీ కొనకుండా కూర్చుంది. ఇంటికి చేరేసరికి ఆరు దాటింది.

వంటింటి బల్ల దగ్గర టెస్సా ఆ మెరూన్ స్వెట్‌షర్టు వేసుకుని కూర్చుంది. తల్లి కొలతకు కొన్నది కదా, చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి.

"ఇంతసేపూ ఎక్కడున్నావమ్మా? ఐదింటికే సీటొచ్చేసింది."

"రోడ్డు బాలేదు" అంది లొరెయిన్.

ఆ రోజు మంచు పడనే లేదు.