సోములమ్మ నమ్మని మనిషి

మా హుకుంపేట సంతకు మిరియాలు తెచ్చేవాళ్ళలో తక్కెడ పళ్ళేన్ని తిరగేసి అడుగు చూసేది సోములమ్మ ఒక్కతే. ఒకసారి ఆ అడుగున అంటించిన చింతపండు ముద్ద ఆమె చేతికి దొరికిందట. అప్పటి నుంచి తక్కెడల మీదే కాదు, మనుషుల మీదా నమ్మకం పోయింది. నా బడ్డీలో టీ తాగేటప్పుడు కూడా గ్లాసును వెలుతురుకెత్తి చూస్తుంది. ఏళ్ళ తరబడి నా టీయే తాగుతోంది, ఏళ్ళ తరబడి అలా చూస్తూనే ఉంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడూ మండుతుంది గాని పైకి అనను.

నా పేరు రత్నాలు. చోడవరం దగ్గర పల్లం ఊరు మాది, పెళ్ళయి ఈ కొండల్లోకి వచ్చిపడ్డాను. సోములమ్మది సంతకు ఎగువన, కొండవాలులో ఉన్న ఊరు. భర్త సోంబరు జ్వరంతో పోయాడు. కాస్త కాఫీ తోట, మిరియాల తీగలు, ఒక్క బిడ్డ మిగిలారు. ఆ బిడ్డ పేరు కామేష్. ఆడపిల్ల పుట్టిందనుకుని అప్పట్లో పెట్టిన పేరు ఇంకోటి ఉంది. నాకు తెలుసు గాని చెప్పను. వాడికి ఆ పేరు ఇష్టం లేదు, అంతే.

సోములమ్మ మాత్రం వాడిని ఆడపిల్లను పిలిచినట్టు 'గుంటా' అనే పిలిచేది. ఇంటరు అయ్యాక హాస్టల్ నుంచి వాడు జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. తండ్రి చొక్కా తొడుక్కుని, నేను అబ్బాయినమ్మా అని తల్లికి చెప్పాడు. ఆమె ఆ చొక్కాను తీసి ఎక్కడో దాచేసింది. అప్పటి నుంచి వాడు మాట తగ్గించాడు, తిండి తగ్గించాడు, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. సోములమ్మ మంత్రాలు వేసే గురువును పిలిపించి కోడిని కోయించింది. పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తానంటే దానికీ సరేనంది. ఏదీ పనిచెయ్యలేదు. బిడ్డ దక్కుతాడో లేదోనని ఆమెకు లోపల వణుకు. నోరు తెరిస్తే మాత్రం తిట్లే.

ఆ రోజుల్లోనే విశాఖ నుంచి భానుశ్రీ అనే కౌన్సెలర్ సంత రోజుల్లో రావడం మొదలుపెట్టింది. సంత వెనక ఒక పాత గోదాం గదిలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేది. మనసు బాగోలేనివాళ్ళు వచ్చి మాట్లాడుకోవచ్చని ఆశా కార్యకర్త మాధవి ఊరూరా చెప్పింది. కామేష్ తనంతట తనే వెళ్ళాడు. కొన్ని సంతలు గడిచేసరికి వాడు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. ఇంకెవరైనా అయితే సంతోషించేవారు. సోములమ్మకు అనుమానం పట్టుకుంది.

ఆమె అనుమానాలు ఒకటా రెండా. ఆడపిల్లను మగపిల్లాడని నమ్మించే మందేదో నీళ్ళలో కలిపి ఇస్తోందంది. మతం మార్చడానికి వచ్చిందంది. కాఫీ తోట మీద కన్నేసిందంది. పండగ వెళ్ళాక విశాఖ పోయి పని చూసుకుంటాను, ఇంక తిరిగిరాను అని కామేష్ ఒకరోజు అన్నాడు. దాంతో దొంగ దొరికిపోయినట్టే అయింది ఆమెకు. బిడ్డను ఎత్తుకుపోవడానికే ఆ మనిషి కొండెక్కి వస్తోందని తేల్చేసింది.

ఆ వారం నన్ను వెంటబెట్టుకుని గోదాం గదికి వెళ్ళింది. నన్ను కనపడకుండా గుమ్మం పక్కన నిలబెట్టి తను లోపలికి పోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

"నా గుంటకి ఏటి మందేత్తన్నావు?" అంది.

మందేమీ లేదని, మాట్లాడుకుంటామని భానుశ్రీ చెప్పింది.

"ఉత్తి మాటలకి ఘాటీ ఎక్కి ఎవులొత్తారు? ఏటి మాటాడతారో నాకు సెప్పు."

"కామేష్ నాతో చెప్పుకున్నవి కామేష్‌వి. తను సరేనంటేనే మీకు చెప్పగలను. ప్రాణం మీదికి వచ్చే మాటైతే మాత్రం మీ దగ్గర దాచనమ్మా" అంది భానుశ్రీ. కావాలంటే ముగ్గురం కలిసి కూర్చుందామని కూడా అంది.

కన్నతల్లికే చెప్పని మాటలేమిటని సోములమ్మ దారిపొడుగునా శాపనార్థాలు పెట్టింది. దాచేది ఎప్పుడూ దొంగసరుకేనని ఆమె లెక్క. చివరికి నా మీద పడింది. నువ్వు తలనొప్పని వెళ్ళి, కబుర్లలో పెట్టి కూపీ లాగమంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆత్రంగానే ఉంది.

మరుసటి సంతకు వెళ్ళాను. తలనొప్పి సంగతి కాస్త చెప్పి, సోములమ్మగారి బిడ్డ మీ దగ్గరికి వస్తున్నాడట కదా, పాపం ఏమిటట అని మెల్లగా కదిపాను. ఎవరు వస్తారో, ఎవరు రారో కూడా చెప్పనని నవ్వుతూ అనేసింది. ఇంకో వైపు నుంచి అడిగాను. అదే జవాబు. పైగా, మీకు నిద్ర సరిగ్గా పడుతోందా అని నన్నే అడిగింది. ఆ ఒక్క మాటకి నేను మా ఆయన సంగతీ, పోయిన నా చెల్లెలి సంగతీ అన్నీ చెప్పేసి, ముక్కు తుడుచుకుంటూ బయటికొచ్చాను. కూపీ లాగడానికి వెళ్ళి నా గుట్టంతా అక్కడ పెట్టి వచ్చానని సోములమ్మ నన్ను దులిపేసింది.

తరువాత నా టీ గ్లాసును వెలుతురుకెత్తి తిప్పుతూ కూర్చుంది. టీ చల్లారిపోయింది.

"అయితే ఊల్లో ఎవులికీ సెప్పదన్నమాట" అంది చివరికి. వెంటనే, "ఏమో, అదీ నటనేమో" అని లేచిపోయింది.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగకు మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి వెదురుగెడ అడ్డం పెట్టి, వచ్చేపోయే బళ్ళవాళ్ళ దగ్గర పండగ చందా అడుగుతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు గుమ్మరిస్తారు. ఇప్పుడు అడవిలో ఏం దొరుకుతాయి? ప్రతి ఏడూ అందరూ తడవాల్సిందే. ఏటా నేను టీ క్యాను పట్టుకుని ఆ తమాషాకి వెళ్తాను.

అంతకుముందు ఏడు కామేష్ వెదురుగెడ దగ్గరికి రానని ఇంట్లోనే ఉండిపోయాడు. ఈసారి మేనమామ భీమన్నను అడిగి వేటకు వెళ్ళాడు. భీమన్న గొణిగాడట గాని కాదనలేదట. ఇదీ ఆ భానుశ్రీ నేర్పిందేనని సోములమ్మ పళ్ళు కొరికింది. ఇంట్లో వాడి బట్టలసంచి సర్ది పెట్టి ఉంది. మర్నాడే ప్రయాణం.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళు వరసగా దిగి వచ్చారు. ఒక్కడి చేతిలోనూ ఏమీ లేదు. ఆడవాళ్ళు కేరింతలు కొడుతూ భీమన్నను తడిపారు, వెనకున్న కుర్రాళ్ళను తడిపారు. కామేష్ దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. ఒకామె కుండ దించేసింది. పాపం వద్దులే అని ఎవరో అన్నారు. పేడ కారుతున్న మగవాళ్ళ మధ్య వాడొక్కడే పొడిగా, తల దించుకుని నిలబడ్డాడు.

సోములమ్మ ఆడవాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది, సంతలో తక్కెడ అడుగు చూసినట్టే. ఆ జాలి అడుగున ఏముందో ఆమెకు దొరికినట్టుంది. పక్కామె కుండ లాక్కుని, ముందుకు నడిచి, మొత్తం కొడుకు నెత్తిన కుమ్మరించింది.

"మగోడివి, యేటకెల్లి ఉత్తి సేతుల్తో వొచ్చినావేట్రా? సిగ్గునేదేట్రా నీకు?"

'రా' అనడం అదే మొదటిసారి. వాడు తలెత్తాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆ పేడలో తెలియలేదు. ఆ తరువాత మిగతావాళ్ళు కూడా వాడిని వదిలిపెట్టలేదు.

ఇంటికొచ్చాక సోములమ్మ అటకెక్కి సోంబరు చొక్కా దించింది. తడిబట్టలు విప్పి బేగి ఇది తొడుక్కోమంది. సర్దిన సంచిని విప్పి, బట్టలు మళ్ళీ దండేనికి వేసింది. కామేష్ వద్దనలేదు. కాసేపటికి, ఇదంతా సంత రోజున భానుశ్రీ మేడమ్‌కి చెప్పుకోనా అని అడిగాడు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. సోములమ్మ నా వైపు అనుమానంగా చూసింది.

"ఆవిడికి సెప్పుకోరా. ఆవిడి ఎవులికీ సెప్పదు. ఈ రత్నాలుకి మాత్తరం సెప్పకు."